బొప్పాయి రంగు గోడలు

సాయంత్రం వార్తల చివర్లో వాతావరణం చెప్పే అమ్మాయి జుట్టులో మేఘాలు పట్టాయి.

మాటవరసకు అనడం లేదు. నిజంగానే పట్టాయి. ఆ అమ్మాయి చేయి చాచి సముద్రం వైపు చూపిస్తుంటే, చెవి పక్క నుంచి భుజం దాకా దిగిన పాయల్లోంచి వెనకాల ఉన్న పటం కనిపిస్తోంది. ఒక పాయలో తీరం, ఇంకో పాయలో కొండలు. తల తిప్పినప్పుడల్లా ఒక తెల్లటి మేఘం చెవి వెనక్కి దూరి మళ్ళీ ముందుకొస్తోంది. పాపం ఆ పిల్లకేమీ తెలియదు. రేపు వాన పడొచ్చని నవ్వుతూ చెబుతోంది.

భోజనాల బల్ల దగ్గర అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇదేంటే, ఈవిడ బుర్రలోంచి ఊళ్ళు కనపడుతున్నాయి?" అన్నాడు.

వదిన పగలబడి నవ్వింది. పిచ్చుక మాత్రం నవ్వలేదు. ఎందుకంటే ఆ పొద్దున ఆ జుట్టుకి రంగు వేసింది తనే.

పిచ్చుక అంటే అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒక్క చోట కుదురుగా నిలబడేది కాదని అన్నయ్య పెట్టిన ముద్దుపేరు. పెద్దయ్యాక వీధి చివర బ్యూటీ పార్లర్ పెట్టినా ఆ పేరు వదల్లేదు. వచ్చేవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. జుట్టుకి రంగు వేయడంలో ఆమె పెట్టింది పేరు. ఏ తల మీద ఏ రంగు ఎలా పడుతుందో చూపుతోనే చెప్పేస్తుంది. ఆ చూపే ఆమె ఆస్తి.

ఆ చూపు ఇప్పుడు తప్పింది. టీవీ వాళ్ళ కిటుకు ఏమిటో ఆ అమ్మాయే ఒకసారి కుర్చీలో కూర్చుని చెప్పింది. వెనకాల ఉండేది పటం కాదు, ఉత్త ఆకుపచ్చ తెర. ఎక్కడ ఆకుపచ్చ కనపడితే అక్కడ కంప్యూటరు పటం పెట్టేస్తుంది. అంటే పార్లర్లో తేనెలా మెరిసిన ఆ పాయలు స్టూడియోకి వెళ్ళేసరికి ఆకుపచ్చగా మారాయన్నమాట.

పైగా ఆ వారంలో ఇది మొదటి తల కాదు. బ్యాంకులో పనిచేసే ఆవిడ ముఖం మాడ్చుకుని వచ్చింది. సంగీతం టీచరు అయితే, మా పిల్లలు నన్ను చెరువులోంచి తీసినట్టు చూస్తున్నారంది. ఇద్దరికీ సర్దిచెప్పి, తల వైపు పరీక్షగా చూడకుండానే ముదురు గోధుమ రంగు కొట్టి పంపింది. ఏదో పొరపాటు అనుకుంది. ఇప్పుడు ఆ పొరపాటు టీవీకెక్కింది.

అన్నం మెతుకు దిగలేదు. వదిన ఇంకా నవ్వుతూనే ఉంది. "ఎవరో గానీ పాపం, ఆ పిల్లకి రంగు వేసినావిడ రేపు ముఖం ఎక్కడ పెట్టుకుంటుందో" అంది. పిచ్చుక నీళ్ళు తాగింది. నీళ్ళు కూడా అడ్డం పడ్డాయి.

వదినకి చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ పార్లర్‌ని కొత్తగా తీర్చిదిద్దింది వదినే.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి, పిల్లలు తమ పనులు తాము చేసుకునే వయసుకొచ్చాక, వదిన పట్టుబట్టి ఇంటీరియర్ డిజైను చదివింది. చదువు అయిపోయింది గానీ పని ఇచ్చేవాళ్ళు లేరు. చేసిన పని చూపించమంటారు, చూపిస్తే గానీ పని ఇవ్వరు. అప్పుడు పిచ్చుక తన పార్లర్ తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఏం చేసుకుంటావో చేసుకో వదినా, నేను అడ్డు రాను అంది.

వదిన వెంటనే రంగు డబ్బాలు పట్టుకుని రాలేదు. ముందు ఒక స్టూలు వేసుకుని మూల కూర్చుంది. వచ్చేవాళ్ళను చూస్తూ ఉండిపోయింది. అప్పట్లో గోడలు ఆసుపత్రి తెలుపు. ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, ఫోన్లలో తల దూర్చి, పని కాగానే లేచి పోయేవారు. చివరికి వదిన ఒక మాట చెప్పింది.

"అద్దంలో తనని చూసుకోగానే ప్రతి మనిషీ ఒక్క క్షణం ముఖం ముడుస్తోందే. ఆ క్షణం పోయేలా చేస్తాను."

చేసింది. బాగా మగ్గిన బొప్పాయిని కోస్తే లోపల ఏ రంగు ఉంటుందో, ఆ రంగు నాలుగు గోడలకీ వేయించింది. లైట్లు గోడల వైపు తిప్పించి, వెలుతురు వాటి మీద పడి తిరిగి మనుషుల మీదకొచ్చేలా పెట్టించింది. తలుపు తీసిన మొదటి రోజు నుంచే వింత మొదలైంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు అద్దంలో చూసుకుని, రాత్రంతా కమ్మగా నిద్రపోయి లేచినవాళ్ళలా తమకు తామే నచ్చేస్తున్నారు. ఫోన్లు సంచుల్లోకి వెళ్ళిపోయాయి. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకి కోడలి సంగతులు చెప్పుకుంటున్నారు. పని అయిపోయినా కదలరు. ఒకావిడ కనుబొమ్మలకని వచ్చి, సాయంత్రం దాకా ఉండి, మొగుడు వెతుక్కుంటూ వస్తే ఆయన్ని కూడా కూర్చోబెట్టింది.

ఈ వింత చెవిన పడే డాక్టరమ్మ ఫోన్ చేసింది. పక్క వీధిలో పళ్ళ ఆసుపత్రి ఆవిడది. వచ్చిన రోగులు భయంతో గుమ్మం దగ్గరే సగం చచ్చిపోతున్నారట. మీరు ఆ పార్లర్‌కి ఏదో చేశారంటున్నారు, ఒకసారి వచ్చి కూర్చుని చూస్తాను, నచ్చితే ఆసుపత్రి మొత్తం మీ చేతికే ఇస్తాను అంది. ఇల్లు దాటి బయటివాళ్ళు వదినకి ఇవ్వబోతున్న మొదటి పని అది. గురువారం ముహూర్తం. వదిన కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

పార్లర్‌కి చెడ్డపేరు వస్తే ఆ పనీ పోతుంది. అందుకే పిచ్చుక నోరు కట్టేసుకుంది. తన రంగులు చెడగొడుతున్న దొంగ ఎవరో గురువారం లోపల తేల్చాలి.

మర్నాడు పొద్దున్నే వాతావరణం అమ్మాయి తలకి స్కార్ఫు చుట్టుకుని వచ్చింది. పిచ్చుక తిట్లకి సిద్ధపడి తల వంచుకుంది. ఆ అమ్మాయి కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. స్టూడియోకి ఫోన్లే ఫోన్లట. మా ఊరు మీ ఎడమ చెవి కింద కనపడింది, మళ్ళీ ఒకసారి చూపించండని ఒక పెద్దాయన బతిమాలాడట. ఎడిటరు మాత్రం, ఇంకోసారి జరిగితే నిన్ను బురఖాలో నిలబెడతాను అన్నాడట.

"అక్కా, సరిచెయ్. కానీ ముందు నువ్వే చూడు, ఎంత పచ్చగా ఉందో" అని స్కార్ఫు విప్పింది.

పిచ్చుక చూసింది. మళ్ళీ చూసింది. జుట్టు తేనె రంగులో ఉంది.

అమ్మాయి కూడా అద్దంలోకి వంగి తెల్లమొహం వేసింది. ఇందాక ఇంట్లో పచ్చగానే ఉంది, ఒట్టు అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మారే రంగును పిచ్చుక ఎన్నడూ చూడలేదు. మారుమాట్లాడకుండా ముదురు రంగు కలిపి వేసింది. వేసే ముందు, అడుగున ఎవరికీ కనపడని చోట ఒక చిన్న పాయ కత్తిరించి కాగితంలో చుట్టి దాచింది. సాక్ష్యం.

ఇక వేట మొదలు. ముందుగా రంగు ట్యూబుల మీద పడింది. ఉన్నవన్నీ పక్కన పెట్టి, వేరే కొట్టు నుంచి కొత్తవి తెప్పించింది. వాటితో వేయించుకున్నావిడ ఇంటికెళ్ళి ఫోన్ చేసింది. ఫలితం అదే. తర్వాత నీళ్ళు. ఇంటి నుంచి డబ్బాలతో మోయించింది. తలలు కడిగే ఆవిడని అందరూ నీళ్ళక్క అంటారు. తన నీళ్ళనే అనుమానించారని ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ లేని జబ్బు ఇప్పుడు నా కుళాయికి వచ్చిందా, రేపు నా చేతులు కూడా మార్చమంటావు అని సణుగుతూనే డబ్బాలు దింపింది. ఫలితం మళ్ళీ అదే.

ఇక మిగిలింది ఒక్కడే. ఎదురాయన.

వీధికి అవతల పక్క అతని సెలూన్. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా రంగు వేస్తాడు. అతని గోడలది ఎలుక రంగు. పిచ్చుక దాన్ని ఎలుక బొరియ అని వెక్కిరిస్తుంది, ఆమె పార్లర్‌ని అతను కొరివి అంటాడు. రెండు రోజులుగా అతను గుమ్మంలో నిలబడి మీసాల్లో నవ్వుకుంటున్నాడని ఆమెకు అనిపిస్తోంది. పార్లర్లోకి ఎప్పుడు దూరాడు, ఏం కలిపాడు? అగ్గి మీద గుగ్గిలంలా లేచి, కాగితం పొట్లం పిడికిట్లో పట్టుకుని రోడ్డు దాటింది.

బొరియలో నలుగురు కూర్చుని ఉన్నారు, నలుగురూ బ్యాంకులో వరసలో ఉన్నట్టు గొణుక్కుంటున్నారు. పిచ్చుక పొట్లం విప్పి అతని బల్ల మీద పెట్టింది. పాయ బావిలో పాచిలా ఉంది.

"ఇదిగో మీ నిర్వాకం. ఏం కలిపారో ఇప్పుడే చెప్పండి, గొడవ ఇక్కడితో పోతుంది."

ఎదురాయన కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "అమ్మా పిచ్చుకా, నీ పార్లర్లోకి నేను వస్తే మీ ఆడంగులు నన్ను బతికి బయటపడనిస్తారా?" అన్నాడు. తర్వాత పాయని వేళ్ళతో తిప్పి, ఎరుపుని చంపడానికి పచ్చ కలిసిన యాష్ ట్యూబు గుమ్మరించారు, అందుకే పచ్చ తేలింది, నీ చేతి పని ఇలా ఉండదే అన్నాడు. అందులో వెటకారం లేదు. అదే ఆమెను ఎక్కువ పొడిచింది.

పొట్లం లాక్కుని వెనక్కి వచ్చేసింది. పార్లర్లో అడుగుపెట్టి కాగితం విప్పింది.

తేనె రంగు.

పిచ్చుక గుమ్మం దాటి బయట పెట్టింది. పాచి. లోపల పెట్టింది. తేనె. రోడ్డు దాటి బొరియలోకి వెళ్ళింది. పాచి. పరుగున వచ్చింది. తేనె. వీధిలో పోయేవాళ్ళు ఆగి, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్న మనిషిని వింతగా చూస్తున్నారు. ఎదురాయన గుమ్మంలో నిలబడి, ఇప్పుడు ఎటు, అని వేలితో దారి చూపిస్తున్నాడు.

చివరికి ఆమె మధ్య రోడ్డులో ఆగిపోయి తన పార్లర్ వైపు చూసింది. అద్దాల తలుపు వెనక గది దీపంలా వెలుగుతోంది.

దొంగ దొరికాడు. నాలుగు గోడలుగా నిలబడి ఉన్నాడు.

బొప్పాయి గోడల మీద పడిన వెలుతురు ఎర్రబడి జుట్టు మీద వాలుతోంది. ఆ ఎరుపు జుట్టులోదే అనుకుని, దాన్ని అణచడానికి తను యాష్ ట్యూబు ఇంకాస్త, ఇంకాస్త పిండుతోంది. గదిలో అంతా సరిపోతుంది. మనిషి బయటికి అడుగు పెట్టగానే గోడల ఎరుపు గదిలోనే ఉండిపోతుంది, తను పిండిన పచ్చ మాత్రం తలతో పాటు వెళ్ళిపోతుంది. ముఖాలను మురిపించిన వెలుగే జుట్టు విషయంలో ఆమె కళ్ళకి గంతలు కట్టింది.

ఎదురాయన దగ్గరికి వచ్చాడు. సంగతి విని ఈల వేశాడు. మరి మీ గోడలకి ఎలుక రంగు ఎందుకు వేయించారు, మీకు ఇదంతా తెలుసా అని పిచ్చుక అడిగింది.

"నాకేం తెలుసు? మా తమ్ముడి గేటుకి వేయగా మిగిలిపోయింది" అన్నాడు. "కావాలంటే ఇంకో డబ్బా ఉంది, పంపించనా?"

పిచ్చుక చేతులు జోడించింది. గురువారం దాటేదాకా ఈ మాట ఎవరి చెవినా వేయొద్దని బతిమాలింది. అతను మీసం మీద ఒట్టు పెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి వదిన హాల్లో అటూ ఇటూ నడుస్తూ, డాక్టరమ్మతో ఏం మాట్లాడాలో బట్టీ పడుతోంది. అన్నయ్య సోఫాలో డాక్టరమ్మ వేషం కట్టాడు, దిండు ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలు వేస్తున్నాడు. వదిన ముఖం చూస్తే, చెబుదామని తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది. గదే తప్పు చేసిందంటే, మొదటి పనిలోనే తప్పు చేసినావిడకి ఆసుపత్రి ఎవరిస్తారు? గురువారం డాక్టరమ్మ వచ్చి, కూర్చుని, మురిసి, వెళ్ళిపోతుంది. ఆ తర్వాత చెబుదాం.

"ఇంకో మంచి మాట" అంది వదిన. "డాక్టరమ్మ ఉత్తినే కూర్చోదట. నీ చేత జుట్టుకి రంగు కూడా వేయించుకుంటుందట. నేనే చెప్పాను, మా ఆడపడుచు చేయి పడితే తిరుగులేదని."

పిచ్చుక సోఫా చివర కూలబడింది. అన్నయ్య ఒళ్ళోంచి దిండు జారింది.

గురువారం డాక్టరమ్మ వచ్చింది. నిండైన మనిషి, గొంతు అంతకంటే నిండు. గోడని వేలితో మీటి చూసింది. లైట్లు ఎటు తిరిగి ఉన్నాయో వంగి చూసింది. ఆపైన ఎదురు చూసేవాళ్ళ కుర్చీలో కూర్చుని, నేను లేననుకోండి అంది. కాసేపటికి ఆవిడ పక్క కుర్చీలో ముసలమ్మకి తన చిన్నప్పటి సైకిలు సంగతి చెబుతోంది. అది అయ్యాక మొదటి ఉద్యోగం సంగతి. ఆ తర్వాత హఠాత్తుగా ఆగి, నేను నా మొగుడితో కూడా ఇంత మాట్లాడను అంది. వదిన వెనక్కి తిరిగి పిచ్చుకకి కన్ను గీటింది. పిచ్చుక నవ్వింది. గది గెలిచింది. ఇక గెలవాల్సింది తను.

కళ్ళను నమ్మకూడదు, పగటి వెలుతురునే నమ్మాలి. అదే పథకం. గిన్నెలో రంగు కలిపి, వెనక గుమ్మం దాటి పెరట్లోకి పరుగెత్తి, చూసుకుని వచ్చింది. మళ్ళీ కలిపింది, మళ్ళీ పరుగెత్తింది. నీళ్ళక్క గిన్నెకీ మనిషికీ దారి వదులుతూ గోడకి అతుక్కుపోయింది. కలపడం సరే, తల మీద ఎలా పడుతోందో కూడా చూడాలి కదా. తలని గిన్నెలా మోసుకెళ్ళలేం. అందుకని, రంగుకి కాస్త గాలి తగలాలి డాక్టరమ్మా అని ఆవిడని పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆవిడ వచ్చింది. ఇంకాసేపటికి, ఎండ పొడ తగిలితే బాగా పడుతుంది అంది. ఆవిడ వచ్చింది గానీ, ఈసారి కనుబొమ్మ ఎత్తింది. మూడోసారి ఏం అబద్ధం చెప్పాలా అని పిచ్చుక నీళ్ళు నములుతుండగా, వదిన ఆమె చేయి పట్టుకుని వెనక గుమ్మంలోకి లాగింది.

"ఏంటే ఈ తిప్పడం? ఆవిడ గది చూడ్డానికి వచ్చింది, నువ్వు పెరడు చూపిస్తున్నావు. ఏం దాస్తున్నావో చెప్పు."

పిచ్చుక ఇక మోయలేకపోయింది. టీవీలో మేఘాల దగ్గర నుంచి మధ్య రోడ్డులో పొట్లం దాకా అంతా గబగబా కక్కేసింది. విన్నాక వదిన పక్కనున్న గోడ మీద అరచెయ్యి ఆనించింది. లోపల ముసలమ్మ ఏదో చెబుతోంది, డాక్టరమ్మ విరగబడి నవ్వుతోంది.

"నేను మనుషుల ముఖాలు చూశాను" అంది వదిన. "నీ చేతిలో గిన్నె చూడలేదు. అది నా తప్పు. దాచడం నీ తప్పు."

"నీ పని పోతుందని దాచాను వదినా. ఈ ఒక్క పూట గడిస్తే..."

"గడిస్తే? పచ్చ తల వేసుకుని ఆవిడ ఆసుపత్రికి వెళ్తే, అప్పుడు నాకు పని మిగులుతుందా, ముఖం మిగులుతుందా? నన్ను గాజు బొమ్మలా దాచకే పిచ్చుకా. పగిలితే పగులుతాను, ఊడ్చుకుంటాం."

ఆ మాట అని, పమిట సర్దుకుని, నేరుగా డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి నడిచింది. పిచ్చుక వెనకే పరుగెత్తింది, ఏదో అడ్డం పడదామని. ఆలస్యమైపోయింది. డాక్టరమ్మగారూ, మీరు మెచ్చుకున్న ఈ గోడలు జుట్టు రంగు విషయంలో మా అమ్మాయిని మోసం చేస్తున్నాయి, నాకూ ఇప్పుడే తెలిసింది, మిమ్మల్ని పెరట్లోకి తిప్పింది అందుకే, అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

ముసలమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. డాక్టరమ్మ తల మీద ప్లాస్టిక్ టోపీ, టోపీ అంచు నుంచి గోధుమ రంగు చుక్క ఒకటి నుదుటి మీదకి దిగుతోంది.

"ఏదీ, చూపించండి" అంది.

పిచ్చుక పాయ తీసింది. గదిలో చూపించింది, పెరట్లో చూపించింది. డాక్టరమ్మ పొట్లం తన చేతిలోకి తీసుకుని, తనే గుమ్మం లోపలికీ బయటికీ నడిచింది. ఒకసారి కాదు, చాలాసార్లు. నడుస్తున్నకొద్దీ ఆవిడ ముఖం మారుతోంది. వదిన కళ్ళు మూసుకుంది.

"నా గదిలో గోడలు గులాబీ రంగు" అంది డాక్టరమ్మ మెల్లగా.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ అక్కడే పెరటి గట్టు మీద కూర్చుని చెప్పింది. విరిగిన పన్ను మీద తొడుగు వేయాలంటే, పక్క పళ్ళతో కలిసే రంగు ఎంచాలి. మాదిరి పళ్ళు ఒక్కొక్కటే నోటి దగ్గర పెట్టి చూస్తుంది. గదిలో అచ్చు గుద్దినట్టు కలుస్తుంది. మనిషి ఇంటికి వెళ్ళి కిటికీ దగ్గర నవ్వితే, అది వేరేవాళ్ళ పన్నులా ఉంటుంది. తిరిగొచ్చి గొడవ. తొడుగులు చేసే ల్యాబు వాళ్ళని తిట్టింది, మార్చింది. కొత్త ల్యాబుతోనూ అదే గొడవ. గోడల వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"పన్ను రంగు చూసే చోట చుట్టూ బూడిద రంగు ఉండాలని కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. తర్వాత ఎక్కడో గులాబీ గది చూసి ముచ్చటపడ్డాను, అంతే, చదివింది చదివినట్టే పోయింది." ఆవిడ భళ్ళున నవ్వింది. "రెండు ల్యాబుల వాళ్ళకి క్షమాపణ చెప్పుకోవాలి. పదండి."

"ఎక్కడికి?" అంది వదిన.

"నా ఆసుపత్రికి. రంగులో మంచీ చెప్పినావిడ, చెడూ చెప్పినావిడ మీరే. ఇంకెవరికి ఇవ్వమంటారు నా గోడలు?"

వదిన సంచిలోంచి కొలిచే టేపు తీసింది. పిచ్చుక మాత్రం అడ్డం పడింది. డాక్టరమ్మా, తల మీద రంగు ఉంది, ఇంకాసేపు ఉంచి కడగాలి, వీధిలోకి ఎలా వెళ్తారు అని మొత్తుకుంది. ఆ కాసేపు ఇక్కడ కూర్చుంటే ఏం, అక్కడ కూర్చుంటే ఏం అని ఆవిడ అప్పటికే మెట్లు దిగిపోయింది.

ముగ్గురూ వీధిన పడ్డారు. ముందు ప్లాస్టిక్ టోపీలో డాక్టరమ్మ, వెనక టేపు పట్టుకుని వదిన, ఆ వెనక తువ్వాళ్ళూ షాంపూ సీసా చంకన పెట్టుకుని పిచ్చుక. ఎదురాయన చేతిలో కత్తెర ఆగిపోయింది. అతని కుర్చీలో మనిషి కూడా సబ్బు నురగతోనే లేచి వచ్చి చూశాడు.

ఆసుపత్రిలో బుగ్గ వాచిన ఒకాయన వరసలో కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద గోధుమ చారలతో గుమ్మంలో నిలబడిన డాక్టరుని చూసి, నాకు నొప్పి తగ్గిపోయిందండీ అని లేచాడు. ఆవిడ భుజం నొక్కి మళ్ళీ కూర్చోబెట్టింది.

వదిన గోడల వైపు చూడలేదు. ముందు వెళ్ళి ఆ బుగ్గ వాచినాయన పక్కన కూర్చుంది. ఆయన ఎటు చూస్తున్నాడో అటే చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి రోగి కుర్చీలో వెల్లకిలా పడుకుంది. మళ్ళీ లేచి, కుర్చీలోంచి గుమ్మం వైపు నడిచింది. ఈ ఒక్క నడకే ఐదారుసార్లు నడిచింది. పిచ్చుక గుమ్మంలోంచి చూస్తోంది. తన పార్లర్లో స్టూలు వేసుకుని కూర్చున్నది ఈ మనిషే. ఇప్పుడు గిన్నె కూడా చూస్తోంది. డాక్టరమ్మ మాదిరి పళ్ళు ఎక్కడ పట్టుకుంటుంది, దీపం ఎటు నుంచి పడుతుంది, కిటికీ ఎంత దూరం అని ఒక్కొక్కటీ అడుగుతోంది.

"ఈ గదికి బూడిద రంగు" అంది చివరికి. "భయం పోగొట్టే పని బయటి గదికి అప్పగిద్దాం, దానికి బొప్పాయి."

బూడిద అంటే జనం ఇంకా బెంబేలెత్తుతారేమో అంది డాక్టరమ్మ.

"పనంతా అయిపోయి లేచి తలుపు తీశాక, ఎదురుగా కనపడే నడవ గోడ ఒకటుంది చూడండి. అది కూడా బొప్పాయే. లోపలికి వచ్చేటప్పుడు దానికి వీపు పెట్టి వస్తారు. వెళ్ళేటప్పుడు మాత్రం దానికి ఎదురుగా వెళ్తారు. బతికి బయటపడ్డామని ఆ గోడే చెబుతుంది."

పిచ్చుక వైపు తిరిగి, నీకూ అంతే అంది. ముఖాలు మెరిసే కుర్చీలన్నీ ఉన్నచోటే ఉంటాయట. రంగు వేసే కుర్చీ ఒక్కటీ వెనక గుమ్మం పక్కకి, పగటి వెలుతురు తగిలే చోటికి జరిపి, దాని చుట్టూ బూడిద రంగు వేయిస్తుందట. ఎదురాయన డబ్బా మాత్రం వద్దట, గేటు రంగు గోడలకి వేయరట.

"వదినా, టైమైపోయింది" అని కేకేసింది పిచ్చుక. "ఇంక ఆగితే ఆ జుట్టు ఏ రంగుకి తేలుతుందో నాకే తెలీదు."

చేతులు కడుక్కునే సింకులో డాక్టరమ్మ తల వంచింది. పిచ్చుక కడుగుతుంటే వదిన నీళ్ళు పోసింది. నర్సులు తువ్వాళ్ళు అందించారు. బుగ్గ వాచినాయన గుమ్మంలో నిలబడి తన వంతు ఇప్పట్లో రాదని తేల్చుకుని, షాంపూ సీసా పట్టుకుని సాయపడ్డాడు.

ఆరబెట్టడానికి ముందు మెట్ల మీదకి తీసుకొచ్చారు. గోడలు లేవు, లైట్లు లేవు, నిండు పగలు. పిచ్చుక తువ్వాలు తీసింది. వేళ్ళతో పాయలు విడదీసి ఎండలోకి పట్టింది. కాఫీ గింజ రంగు. ఎక్కడా పచ్చ పొడ లేదు. వెనక్కి తిరిగి చూస్తే వదిన కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతూనే.

డాక్టరమ్మకి చూసుకోవాలని ఒకటే ఆత్రం. అద్దం తెమ్మంది. పెద్ద అద్దం గోడకి బిగించి ఉంది, రాదు. నర్సు పరుగెత్తి వెళ్ళి, నోట్లో పళ్ళు చూసే పుల్ల అద్దం తెచ్చింది. బొటనవేలి గోరంత అద్దం అది. డాక్టరమ్మ మెట్ల మీద నిలబడి దాన్ని తల చుట్టూ తిప్పుకుంటూ, ఇక్కడ బాగుంది, ఇక్కడా బాగుంది, ఇదెక్కడ, చెవా, చెవి కూడా బాగుంది అని ఒక్కో ముక్కా చూసుకుంటోంది. రోడ్డు మీద జనం ఆగిపోయారు.

వదిన అవేవీ చూడటం లేదు. అప్పటికే లోపలికి వెళ్ళి, టేపు ఒక చివర బుగ్గ వాచినాయన చేతికిచ్చి గట్టిగా పట్టుకోమంది. నడవ గోడ కొలుస్తోంది.